ఘాట్‌రోడ్డు ఎక్కే ముందు టైర్లలో గాలి ఎంత ఉండాలి?

విశాఖపట్నం: శీతాకాలం మొదలైతే చాలు, శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లే ఘాట్‌రోడ్డుపై ద్విచక్రవాహనాలు బారులు తీరుతాయి. నగరం నుంచి అరకుకు సుమారు 115 కిలోమీటర్లు. బయలుదేరే ముందు రోజు చాలామంది ఇంజిన్ ఆయిలు మార్పిస్తారు, చైను బిగిస్తారు, బ్రేకులు చూపిస్తారు. గాలి దగ్గరకు వచ్చేసరికి మాత్రం పెట్రోలు బంకులో ఆగి ‘ముందు పాతిక, వెనుక ముప్పై అయిదు’ అని చెప్పి వెళ్లిపోతారు. ఆ అంకె ఎక్కడిదంటే చెప్పగలిగేవారు తక్కువ. బండి ఎంత పెద్దదైనా ఒక్కో టైరు రోడ్డును తాకేది అరచేయంత మేరే. వెనుక మరొకరిని కూర్చోబెట్టుకుని, సామాను కట్టుకుని మలుపులు దిగేటప్పుడు ఆ అరచేయంత చోటులో పట్టు దొరకడం, దొరకకపోవడం టైరులోని గాలిపై ఆధారపడి ఉంటుంది.

అసలు అంకె ఎక్కడుంటుంది?

టైరు పక్కభాగంలో అచ్చుగా ఉండే అంకెను చూసి అంత గాలి కొట్టించేవారున్నారు. ఇది పొరపాటు. ఆ టైరు గరిష్ఠంగా ఎంత బరువు, ఎంత పీడనం తట్టుకోగలదో టైరు తయారీదారు తెలిపే హద్దు అది. అదే టైరును వేర్వేరు బండ్లకు వేస్తారు. ఫలానా బండికి ఎంత గాలి ఉండాలన్నది ఆ బండి తయారీదారే నిర్ణయిస్తారు. చైను కవరు మీదో, వెనుక చక్రాన్ని పట్టుకునే చట్రం మీదో అతికించిన స్టిక్కరులో, బండితోపాటు ఇచ్చే పుస్తకంలో ఆ వివరం ఉంటుంది.

పేరు ఒకటే కదా అని పాత బండి లెక్కను కొత్తదానికి వాడటమూ కుదరదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇందుకు మంచి ఉదాహరణ. పాత క్లాసిక్ ముందు చక్రానికి 20 నుంచి 22 పీఎస్‌ఐ సరిపోయేది. 2021లో పూర్తిగా మారి వచ్చిన క్లాసిక్ 350కి ముందు 32, వెనుక ఒక్కరే వెళితే 32, ఇద్దరైతే 36 అని కంపెనీ చెబుతోంది. బుల్లెట్లు నడిపిన పాత చేయి కొత్త బండికి అలవాటుగా 20 కొట్టిస్తే ముందు చక్రంలో పన్నెండు పీఎస్‌ఐ తక్కువైనట్లే. హ్యాండిలు బరువెక్కుతుంది, మలుపులో బండి మాట వినదు, గుంతలో పడితే రిమ్ముకు దెబ్బ తగులుతుంది.

బరువు పెరిగితే వెనుక చక్రానికే ఎక్కువ

పై లెక్కలో ఒక్కరు వెళ్లినా ఇద్దరు వెళ్లినా ముందు చక్రం అంకె మారలేదు, వెనుకది నాలుగు పెరిగింది. రెండో మనిషి బరువు, బ్యాగుల బరువు దాదాపుగా వెనుక చక్రంపైనే పడటం దీనికి కారణం.

కొత్త క్లాసిక్ వెనుక టైరుపై 62పీ అన్న గుర్తు ఉంటుంది. 62 అంటే ఆ టైరు మోయగల గరిష్ఠ బరువు 265 కిలోలు, పీ అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుందని అర్థం. పెట్రోలుతో కలిపి బండి బరువు 195 కిలోలు. ఇద్దరు మనుషులు 135 కిలోలు, సామాను 20 కిలోలు అనుకుంటే మొత్తం 350. ఇందులో ఇంచుమించు మూడింట రెండు వంతులు వెనుక చక్రంపై పడితే 230 దాటుతుంది. హద్దుకు ఇంకా కొంత దూరం ఉన్నట్లే కనిపిస్తుంది. అయితే 265 కిలోలు మోసే శక్తి టైరులో తగినంత గాలి ఉన్నప్పుడే. గాలి తగ్గినకొద్దీ ఆ శక్తీ తగ్గుతుంది.

ఒక్కరే వెళుతూ పాతిక, ముప్పై కిలోల సామాను కట్టుకునేవారి సంగతి చాలా పుస్తకాల్లో ఉండదు. వారు ‘ఒక్కరు’, ‘ఇద్దరు’ అన్న రెండు అంకెలకు మధ్యలో, అంటే ఈ బండికైతే 34 దగ్గర ఉంచుకోవడం సబబు. తిరిగివచ్చి సామాను దించాక మళ్లీ 32కు తగ్గించాలి. అవసరానికి మించిన గాలితో టైరు నడుమ భాగమే రోడ్డును తాకుతుంది. అది త్వరగా అరిగిపోవడమే కాక, తడిరోడ్డుపై బ్రేకు వేస్తే బండి జారే ప్రమాదం ఉంది.

ఎండాకాలం గాలి తగ్గించాలా?

‘ఎండలకు టైరు పేలుతుంది, నాలుగు తగ్గించి కొట్టించు’ అన్న మాట పంక్చరు షాపుల్లో ఏటా వేసవిలో వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉన్నా జరిగేది దీనికి విరుద్ధం. టైరు వేడెక్కేది ఎండ వల్ల మాత్రమే కాదు. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కభాగం నొక్కుకుని మళ్లీ సాగుతుంది. గాలి తక్కువైతే ఎక్కువగా నొక్కుకుంటుంది, ఆ నలుగుడే వేడిగా మారుతుంది. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న తారురోడ్డుపై, నిండా బరువుతో, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో గాలి తగ్గిన టైరు పరుగెడితే లోపలి పొరలు విడిపోవడం మొదలవుతుంది. పేలుడుకు దారితీసేది చాలాసార్లు ఇదే. దారిలో వేడికి రెండు మూడు పీఎస్‌ఐ పెరుగుతుందన్న సంగతి తయారీదారులకు తెలుసు. దాన్ని లెక్కలోకి తీసుకునే చల్లని టైరుకు అంకె ఇస్తారు.

అందుకే గాలిని ప్రయాణానికి ముందే కొలవాలి. బండి కనీసం మూడు గంటలు నీడలో నిలిచి ఉంటే టైరు చల్లగా ఉన్నట్లు లెక్క. బంకు రెండు మూడు కిలోమీటర్ల లోపే ఉంటే పెద్ద తేడా రాదు. శృంగవరపుకోట వరకు వచ్చి టీ తాగుతూ కొలిపిస్తే 32 ఉండాల్సినచోట 35 చూపవచ్చు. ‘ఎక్కువైంది’ అని మూడు తీసేయిస్తే మర్నాటి ఉదయానికి టైరులో మిగిలేది 29.

దూరప్రయాణాల్లో ఆరితేరినవారు ఈ పెరుగుదలనే పరీక్షగా వాడుకుంటారు. గంటసేపు నడిపాక కొలిస్తే పదో వంతు పెరగడం మామూలు. 32కు 35 ఉంటే లెక్క సరిపోయింది. 38, 39కి చేరితే టైరు మితిమీరి నలుగుతోందని, అంటే బయలుదేరినప్పుడు గాలి తక్కువో, బరువు ఎక్కువో అయిందని గ్రహించాలి. అప్పుడు చేయాల్సింది గాలి తీయడం కాదు. టైరు చల్లారాక మరికొంత కొట్టించాలి, లేదా సామాను తగ్గించాలి.

కొండపైకి వెళితే

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. గేజి చూపేది బయటి గాలికి, లోపలి గాలికి మధ్య తేడా. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి పీడనం తగ్గుతుంది కాబట్టి, టైరులోకి కొత్తగా ఏమీ చేరకపోయినా అరకులో గేజి దాదాపు ఒకటిన్నర ఎక్కువ చూపుతుంది. చలి దీనికి ఎదురు పనిచేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఇంచుమించు ఒకటిన్నర పీఎస్‌ఐ పడిపోతుంది. విశాఖలో 28 డిగ్రీల వేళ గాలి కొట్టించుకున్నవారు అరకులో ఎనిమిది డిగ్రీల తెల్లవారుజామున లేచి చూస్తే చలి మూడు తీసేస్తుంది, ఎత్తు ఒకటిన్నర కలుపుతుంది. గేజిలో కనిపించేది ఒకటిన్నర లోటు మాత్రమే. దీనికి కంగారుపడనక్కర్లేదు. అంతకుమించి తగ్గితే మాత్రం మేకో, వాల్వులో లీకో ఉందేమో వెతకాలి. 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్ వరకు వెళ్లే తెలుగు యువకులూ ఉన్నారు. అక్కడ ఎత్తు ఒక్కటే దాదాపు అయిదు పీఎస్‌ఐ కలుపుతుంది.

సొంత గేజి ఉంటే మేలు

గాలి కొట్టేచోట ఉండే మీటర్లు కిందపడి, ఎండకు ఎండి తప్పు చూపడం అందరికీ అనుభవమే. జేబులో పట్టే గేజి ఒకటి కొనుక్కుని ఎప్పుడూ దాంతోనే కొలుచుకుంటే, దానిలో చిన్న తేడా ఉన్నా అది ఒకే తీరుగా ఉంటుంది. కొన్ని మీటర్లపై పీఎస్‌ఐకి బదులు కిలోలు ఉంటాయి. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అంటే 14.2 పీఎస్‌ఐ.

నైట్రోజన్ నింపిస్తే ఇక చూసుకోనక్కర్లేదన్నది కూడా అపోహే. మామూలు గాలిలోనే నైట్రోజన్ 78 శాతం. చెమ్మ లేకపోవడం, కాస్త నెమ్మదిగా తగ్గడం తప్ప వేడికి, చలికి అదీ గాలిలాగే పెరుగుతుంది, తగ్గుతుంది.

పుల్లల చక్రాలున్న చాలా బండ్లకు లోపల ట్యూబు ఉంటుంది. మేకు దిగితే ట్యూబులో గాలి ఒక్కసారిగా పోవచ్చు. ట్యూబులేని టైరులో మాత్రం మేకు అలాగే ఉండి గాలి మెల్లగా దిగుతుంది. గాలి బాగా తగ్గినా ట్యూబు టైరు లోపల జరిగి వాల్వు మొదట్లో చిరుగుతుంది. వాల్వు నిటారుగా లేకుండా ఒక పక్కకు వాలి కనిపిస్తే ట్యూబు ఇప్పటికే జరిగిందని అర్థం. దాన్ని ఘాట్ ఎక్కకముందే, షాపులు దొరికేచోటే విప్పించి సరిచేయించుకోవాలి.