ఎల్బ లోయ ఇసుకరాళ్లు: ఇనుము ఎక్కడ ఉండవచ్చు?

ప్రస్తావన

పర్వతారోహణ చరిత్ర అనగానే మనకు ఆల్ప్స్, హిమాలయాలు గుర్తుకు వస్తాయి. శిఖరం ఎంత ఎత్తో చూసి దాని చరిత్రకు అంత ప్రాధాన్యం ఇవ్వడం అలవాటైపోయింది. ఈ భాగంలో ఆ అలవాటును కాసేపు పక్కన పెట్టి, 600 మీటర్ల ఎత్తయినా లేని కొండలున్న ఒక అటవీ ప్రాంతాన్ని పరిశీలిద్దాం. జర్మనీలో డ్రెస్డెన్ నగరానికి ఆగ్నేయంగా, ఎల్బ నదికి ఇరువైపులా, చెక్ సరిహద్దు వరకు ఉన్న ఈ ప్రాంతాన్ని సాక్సన్ స్విట్జర్లాండ్ అంటారు. పేరులో స్విట్జర్లాండ్ ఉన్నా ఆ దేశానికి ఇది దగ్గరలో లేదు. 18వ శతాబ్దంలో డ్రెస్డెన్ కళా అకాడమీలో పనిచేసిన స్విస్ చిత్రకారులు అడ్రియన్ జింగ్, ఆంటన్ గ్రాఫ్ తమ స్వదేశాన్ని తలచుకొని ఈ పేరు వాడారని చెబుతారు.

ఇక్కడి రాయి ఇసుకరాయి. సుమారు 10 కోట్ల సంవత్సరాల కిందట, క్రెటేషియస్ యుగపు సముద్రం అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి రాయి అయింది. తరువాత నదులూ వానలూ దాన్ని నిలువునా కోశాయి. ఫలితంగా అడవి మధ్యలో వెయ్యికి పైగా విడివిడి రాతి స్తంభాలు మిగిలాయి. మన భువనగిరి గుట్ట వంటి గట్టి రాయిని చూసినవారికి ఈ రాయి గుణం వెంటనే అర్థం కాదు. వాన కురిసి తడిసిందంటే ఇది బలహీనపడుతుంది. చేతిపట్టు దగ్గర అంచు విరిగిపోవచ్చు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇకముందు వచ్చే నియమాలలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

మెట్లు వేసినవారు

రాళ్లపైకి మొదట వెళ్లినవారు వినోదం కోసం వెళ్లలేదు. మధ్యయుగంలో ఈ స్తంభాలలో కొన్నింటిపై కావలి కోటలు ఉండేవి. వాటికోసం చెక్కిన మెట్లు, దూలాలు ఇరికించిన గుంటలు నేటికీ కనిపిస్తాయి. ముప్పై ఏళ్ల యుద్ధకాలంలో, 1639లో స్వీడన్ సైన్యం వచ్చినప్పుడు సమీప గ్రామస్థులు తమ సామగ్రితో ఒక ఇరుకైన రాతి లోయలో దాక్కున్నారు. ఆ చోటును ఇప్పటికీ ‘స్వీడన్ బిలాలు’ అనే అర్థమిచ్చే పేరుతోనే పిలుస్తారు. ఈనాడు పర్యాటకులు మెట్ల మీదుగా అక్కడి నుంచి బాస్టై అనే రాతి శిఖర సముదాయానికి చేరుకుంటారు. కట్టెలు కొట్టేవారికీ వేటగాళ్లకూ కూడా తమ తమ దారులు ఉండేవి. వీరి పేర్లు ఆరోహణల జాబితాలలో కనిపించవు. చరిత్ర విద్యార్థిగా మీరు గమనించవలసిన లోటు ఇది.

నిటారు రాతిపై మెట్లు, నిచ్చెనలు, ఇనుప కమ్మీలు అమర్చిన దారిని ఇక్కడివారు ‘ష్టీగె’ అంటారు. దీనికి దగ్గరి బంధువు ‘వియా ఫెరాటా’. ఇటాలియన్‌లో ఈ మాటకు ఇనుప దారి అని అర్థం. ఆల్ప్స్‌లో 1843లోనే ఆస్ట్రియాలోని డాఖ్‌స్టైన్ శిఖరం దారిలో ఇనుప సీలలు, తాళ్లు అమర్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో డోలమైట్ పర్వతాలలో ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ సైన్యాలు సైనికులను, సరుకులను పైకి చేర్చడానికి ఇటువంటి దారులు విస్తారంగా నిర్మించాయి. అందువల్ల వియా ఫెరాటా యుద్ధంలో పుట్టిందని చాలామంది రాస్తారు; పై తేదీని చూస్తే అది సరికాదని తెలుస్తుంది. యుద్ధం దాన్ని వ్యాపింపజేసింది, అంతే. ఆల్ప్స్ దారులలో సాధారణంగా పొడవునా ఉక్కు తాడు ఉంటుంది. నడుముకు కట్టుకున్న పట్టీని కొక్కెంతో ఆ తాడుకు తగిలించుకుంటూ సాగాలి. సాక్సన్ ష్టీగెలలో చాలాచోట్ల కమ్మీలు, నిచ్చెనలు మాత్రమే ఉంటాయి. ఆఫెన్‌స్టైనె అనే శిలల వరుసలోని హెంట్షెల్ ష్టీగె వీటిలో పేరున్నది. దానిలో ఒక భాగం పొగగొట్టంలా ఇరుకైన చీలిక గుండా పైకి పోతుంది.

1864, 1874: ఏది ఆరంభం?

ఈ ప్రాంతపు ఆరోహణ చరిత్రను 1864తో మొదలుపెట్టడం పరిపాటి. ఆ ఏడాది బాడ్ షాండౌ పట్టణానికి చెందిన కొందరు వ్యాయామ సంఘ సభ్యులు ఫాల్కెన్‌స్టైన్ అనే పెద్ద స్తంభాన్ని ఎక్కారు. అయితే వారు నిచ్చెనల వంటి సాధనాలు వాడారు. పైగా అంతకుముందే ఆ శిల మీద మధ్యయుగపు కావలి స్థావరం ఉండేది. పదేళ్లకు, 1874లో, ఓటో ఎవాల్డ్ ఊఫర్, హెచ్. ఫ్రిక్ అనే ఇద్దరు రాటెన్ సమీపంలోని మ్యోన్ష్‌స్టైన్‌ను కృత్రిమ సాధనాల సహాయం లేకుండా ఎక్కారు. స్వేచ్ఛారోహణకు, అంటే చేతులూ కాళ్లతో రాతినే ఆధారం చేసుకొని ఎక్కే పద్ధతికి, ఇక్కడ ఇది ఆరంభం అని తరువాతి తరాలు నిర్ణయించాయి.

మరి 1848 సంగతేమిటి? ఆ ఏడాది సెబాస్టియన్ అబ్రాట్స్కీ అనే పొగగొట్టాలు శుభ్రం చేసే యువకుడు, అజేయమని పేరున్న క్యోనిగ్‌స్టైన్ కోటలోకి రాతి చీలిక గుండా ఏ సాధనమూ లేకుండా ఎక్కిపోయాడు. కోటవారు పట్టుకొని కొన్నాళ్లు నిర్బంధించారు. ఆ చీలికకు నేడు అతని పేరే ఉంది. సాధనాలు లేకపోవడమే కొలమానమైతే ఆరంభం అతనిదే కావాలి. కాని అతనిది కోట గోడకు సంబంధించిన సాహసంగా మిగిలింది, క్రీడగా లెక్కకు రాలేదు. ఏది ఆరంభమో చెప్పే తేదీ వెనుక ఎప్పుడూ ఒక నిర్వచనం దాగి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1848, 1864, 1874 సంవత్సరాలలో ఒకదాన్ని ఆరంభంగా ఎంచుకుంటే, మీరు ‘ఆరోహణ’ను ఏమని నిర్వచించినట్లు?

నియమాలు, మనుషులు

1890ల నుంచి డ్రెస్డెన్ యువకులు వారాంతాలలో రైలెక్కి ఇక్కడికి రావడం పెరిగింది. వారిలో ఆస్కార్ షూస్టర్ ప్రముఖుడు. 1892లో అతను ఫాల్కెన్‌స్టైన్‌పై వేసిన దారికి నేటికీ అతని పేరే ఉంది. తరువాత రుడాల్ఫ్ ఫేర్మాన్ అనే న్యాయవాది, డ్రెస్డెన్‌లో ఉంటున్న అమెరికన్ యువకుడు ఆలివర్ పెరీ-స్మిత్ కలిసి 1905లో బార్బరీనె అనే సన్నని రాతి సూదిని, 1906లో ట్యోఫెల్స్‌టుర్మ్‌ను తొలిసారి ఎక్కారు. ఫేర్మాన్ 1908లో ఈ ప్రాంతానికి మార్గదర్శి పుస్తకం ప్రచురించాడు. 1913లో నియమాలను మరింత స్పష్టంగా రాశాడు. వాటి సారాంశం సూటిగా చెప్పవచ్చు. ఇనుప రింగు పడిపోకుండా కాపాడడానికే. దాన్ని పట్టుకొని పైకి లాగుకుంటే అది ఎక్కినట్లు కాదు. రాతిని చెక్కకూడదు.

నేటి ఆచారం ఇంకా కఠినమైనది. లోహపు మేకులు, చీలికలలో ఇరికించే లోహపు పరికరాలు నిషిద్ధం. వాటి బదులు తాడు ముడిని చీలికలో బిగిస్తారు. చేతి చెమటకు వాడే తెల్ల పొడి కూడదు. తడి రాతిని ఎక్కకూడదు. రింగుల మధ్య దూరం చాలా ఎక్కువ కాబట్టి పడితే దెబ్బ గట్టిగానే తగులుతుంది. ఇది మొండితనమని అనిపించవచ్చు. మెత్తని రాతిలో ఇరికిన లోహం మీద బరువు పడితే చీలిక అంచే ఊడిపోతుందన్నది మరువరాదు.

ఇలా ఇనుము రెండు చోట్లకు పంచబడింది: నడిచేవారి ష్టీగెలలో సహాయంగా, స్తంభాలపై కేవలం రక్షణగా. ఈ విభజన ఎవరి చట్టం వల్లనో మొదలవలేదు, ఎక్కేవారే పెట్టుకున్నారు. 1911లో ఏర్పడిన సాక్సన్ పర్వతారోహకుల సంఘం దాన్ని నిలబెట్టింది.

నియమాలు రాసినవారంతా ఆదర్శమూర్తులని అనుకోనక్కర లేదు. ఫేర్మాన్ తరువాత నాజీ పార్టీలో చేరాడు. అదే రాళ్లను ఎక్కిన కార్మిక ఆరోహకులు మరో దారి పట్టారు. 1933 తరువాత వీరిలో కొందరు తమకు బాగా తెలిసిన అడవి బాటల గుండా చెకోస్లొవేకియా సరిహద్దు దాటి నిషిద్ధ సాహిత్యాన్ని తెచ్చారు. ‘ఎర్ర ఆరోహకులు’ అని వారికి పేరు. వారిలో గాయక బృందాన్ని నడిపిన కుర్ట్ ష్లోసర్‌కు 1944లో డ్రెస్డెన్‌లో మరణశిక్ష అమలు చేశారు.

ఇక్కడి పద్ధతి సముద్రాలు కూడా దాటింది. డ్రెస్డెన్‌లో పుట్టిన ఫ్రిట్స్ వీస్నర్ 1929లో అమెరికాకు వలస వెళ్లాడు. 1939లో కే2 పర్వతంపై పసాంగ్ దావా లామాతో కలిసి, కృత్రిమ ఆక్సిజన్ లేకుండా, శిఖరానికి 250 మీటర్లకన్నా తక్కువ దూరం వరకు వెళ్లి వెనుదిరిగాడు. చీకటి పడుతుండగా ముందుకు పోవడానికి పసాంగ్ ఒప్పుకోలేదు. 1970లలో పశ్చిమ జర్మనీకి చెందిన కుర్ట్ ఆల్బర్ట్ ఎల్బ లోయను చూసి వెళ్లాక, 1975లో తన ప్రాంతంలో సాధనాల మీద ఆధారపడకుండా ఎక్కిన దారుల మొదట్లో ఎర్ర చుక్క పెట్టడం మొదలుపెట్టాడు. ప్రపంచమంతటా వాడే ‘రెడ్‌పాయింట్’ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. అదే కాలంలో తూర్పు జర్మనీలోని హోన్‌స్టైన్‌కు చెందిన బెర్న్ట్ ఆర్నాల్డ్ చెప్పులు లేని పాదాలతో వందలాది కొత్త దారులు ఎక్కాడు.

అడవి, రాయి, ప్రజలు

1990లో, రెండు జర్మనీలు ఏకం కావడానికి కొద్ది వారాల ముందు, తూర్పు జర్మనీ చివరి ప్రభుత్వం ఇక్కడ జాతీయ పార్కును ఏర్పాటు చేసింది. అప్పటి నుంచి ఇనుము గురించిన వాదంతోపాటు అడవిలో మనిషి నడక గురించిన వాదమూ సాగుతోంది. ఏ బాట తెరిచి ఉంచాలి, ఏది అడవికి వదిలేయాలి? బెరడు పురుగు వల్ల లెక్కలేనన్ని స్ప్రూస్ చెట్లు ఎండిపోయాయి. అవి కూలే ప్రమాదం వల్ల బాటలు మూశారు. 2022 జూలై చివర చెక్ వైపు మొదలైన కార్చిచ్చు సరిహద్దు దాటి వచ్చింది. బాట మూసినప్పుడల్లా స్థానికులు అడిగే ప్రశ్న ఒకటే: తాతల కాలం నుంచి నడిచిన దారి ఎవరిది? ఎవరూ నడవని అడవి కావాలనే పార్కు లక్ష్యానికి తగిన కారణం ఉంది, ఆ ప్రశ్నకూ ఉంది.

రాయి విషయంలో మాత్రం వాదానికి చోటు తక్కువ. 1905లో ఫేర్మాన్, పెరీ-స్మిత్ ఎక్కిన బార్బరీనె దాదాపు 43 మీటర్ల ఎత్తున్న సూది. వాతావరణం వల్ల అది బాగా దెబ్బతిన్నది. 1975 నుంచి దాన్ని ఎక్కడం నిషిద్ధం. పక్కనే ఉన్న ఫాఫెన్‌స్టైన్ కొండ మీదికి మెట్లెక్కి వెళ్లి, రాతి అంచున నిలబడి, ఎదురుగా ఉన్న ఆ సూదిని చూసి రావచ్చు.