1978 న్యూ ఇంగ్లాండ్ మంచు తుఫాను

1978 న్యూ ఇంగ్లాండ్ మంచు తుఫాను అమెరికా సంయుక్త రాష్ట్రాల ఈశాన్య భాగంలో 1978 ఫిబ్రవరి 6, 7 తేదీలలో సంభవించిన తీవ్రమైన ప్రకృతి వైపరీత్యం. మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, కనెక్టికట్ రాష్ట్రాలు దీనివలన ఎక్కువగా దెబ్బతిన్నాయి. సుమారు 100 మంది మరణించారు. వీరిలో 73 మంది మసాచుసెట్స్‌కు, 26 మంది రోడ్ ఐలండ్‌కు చెందినవారు. ఆస్తి నష్టం ఆనాటి విలువలో 50 కోట్ల డాలర్లకు పైగా ఉంటుందని అంచనా. హిమపాతం సుమారు 33 గంటలలో ముగిసినప్పటికీ, జనజీవనం సాధారణ స్థితికి రావడానికి వారం రోజులకు పైగా పట్టింది. తుఫాను తరువాత రోడ్లపై ప్రైవేటు వాహనాలను పూర్తిగా నిషేధించి, ముందు దారులు తెరచి, ఆ తరువాతనే ప్రజలను బయటకు అనుమతించిన విధానానికి కూడా ఈ తుఫాను ప్రసిద్ధి చెందింది.

పదవివరణ

తెలుగులో మంచు అనే మాటను పొగమంచుకు, ఆకాశం నుండి దూదిపింజలవలె రాలే హిమానికి, గడ్డకట్టిన నీటికి కూడా వాడుతారు. ఈ వ్యాసంలో మంచు అనగా హిమపాతం అని గ్రహించాలి. అమెరికా వాతావరణ శాఖ లెక్క ప్రకారం గంటకు 56 కి.మీ. లేదా అంతకు మించిన వేగంతో గాలులు వీస్తూ, ఎగిరే మంచు వలన 400 మీటర్ల దూరంలోని వస్తువులు కూడా కానరాని స్థితి కనీసం మూడు గంటలపాటు కొనసాగితే దానిని 'బ్లిజర్డ్' అంటారు. అంటే మంచు ఎంత కురిసినది అనేదానికంటే గాలి, దృశ్యగోచరత అనేవే ఇందులో ముఖ్యం.

నేపథ్యం

1978 చలికాలం ఈ ప్రాంతంలో ఆరంభం నుండే కఠినంగా ఉన్నది. జనవరి 18 తెల్లవారుజామున కనెక్టికట్ రాజధాని హార్ట్‌ఫర్డ్‌లోని క్రీడాప్రాంగణం పైకప్పు మంచు బరువుకు కూలిపోయింది. అంతకు కొన్ని గంటల ముందే అక్కడ సుమారు 5,000 మంది బాస్కెట్‌బాల్ ఆట చూసి వెళ్ళారు. కప్పు నిర్మాణంలోనే లోపాలున్నట్లు తరువాతి విచారణలో తేలింది. జనవరి 20, 21 తేదీలలో బోస్టన్ నగరంలో మరొక భారీ హిమపాతం జరిగింది. ఆ మంచు పూర్తిగా కరగకముందే, దారుల పక్కన గుట్టలుగా ఉండగానే, ఫిబ్రవరి తుఫాను వచ్చిపడింది.

తుఫాను గమనం

భారీ మంచు కురుస్తుందని వాతావరణ శాఖ ముందుగానే హెచ్చరించింది. అయితే ఫిబ్రవరి 6 సోమవారం తెల్లవారేసరికి మొదలు కావలసిన మంచు కొన్ని గంటలు ఆలస్యమైంది. ఆకాశం నిమ్మళంగా ఉండడంతో హెచ్చరిక తప్పిందని తలచి అనేకులు యథావిధిగా పనులకు, బడులకు వెళ్ళారు. ఉదయం పది గంటల ప్రాంతంలో మొదలైన మంచు మధ్యాహ్నానికి తీవ్రరూపం దాల్చింది. కార్యాలయాలు ముందుగా మూసివేయడంతో అందరూ ఒకేసారి రోడ్లపైకి వచ్చారు. ఉత్తరాన ఉన్న అధిక పీడన ప్రాంతం అడ్డుపడినందువలన తుఫాను ముందుకు సాగక, తీరానికి దక్షిణంగా సముద్రంపై దాదాపు నిలిచిపోయింది.

మంగళవారం రాత్రికి బోస్టన్‌లో 69 సెం.మీ., ప్రావిడెన్స్‌లో 70 సెం.మీ. మంచు నమోదైంది. రోడ్ ఐలండ్ ఉత్తర భాగంలో ఇది దాదాపు 97 సెం.మీ. వరకు ఉన్నది. గాలి విసురుకు కొన్నిచోట్ల మంచు ఇళ్ళ మొదటి అంతస్తు కిటికీలను కప్పివేస్తూ గుట్టలు కట్టింది.

128వ నెంబరు రహదారి

బోస్టన్ నగరాన్ని చుట్టివచ్చే 128వ నెంబరు రహదారిపై సుమారు 13 కి.మీ. పొడవున 3,000కు పైగా కార్లు, 500 వరకు లారీలు మంచులో చిక్కుకున్నాయి. ఒక వాహనం అడ్డంగా జారి ఆగితే వెనుక వచ్చేవన్నీ ఆగడం, ఆగినవాటి చుట్టూ మంచు పేరుకోవడం, మంచు తోసే బండ్లు వాటిని దాటి ముందుకు పోలేకపోవడం దీనికి కారణాలు. ప్రయాణికులు కొందరు నడిచి నీడమ్‌లోని చర్చిలో, డెడమ్‌లోని సినిమాహాలులో తలదాచుకున్నారు. కార్లలోనే ఉండిపోయినవారు వెచ్చదనం కోసం ఇంజన్లు నడపగా, పొగగొట్టాలను మంచు కప్పివేసినందున విషవాయువు లోపలికి చేరి పలువురు మరణించారు.

తుఫాను తగ్గిన తరువాత సైనికులు ఒక్కొక్క కారును వెదకి, లోపల ఎవరైనా ఉన్నారేమో చూసి, చుట్టూ తవ్వి, లాగి పక్కకు చేర్చవలసి వచ్చింది. మంచును తొలగించడంకంటే మంచులోని వాహనాలను తొలగించడమే పెద్ద పని అయినది. అనంతర చర్యలన్నింటికీ ఈ అనుభవమే ఆధారం.

వాహన నిషేధం

మసాచుసెట్స్ గవర్నరు మైఖేల్ డుకాకిస్ అత్యవసర పరిస్థితిని ప్రకటించి, వైద్యులు, అగ్నిమాపక, పోలీసు, విద్యుత్ సిబ్బంది వంటి అత్యవసర సేవలవారి వాహనాలు తప్ప మిగిలినవేవీ రోడ్డెక్కరాదని ఆజ్ఞాపించాడు. ప్రాంతాల వారీగా సడలిస్తూ, తూర్పు మసాచుసెట్స్‌లో ఈ నిషేధాన్ని సుమారు వారం రోజులు అమలు చేశారు. ఆ రోజులలో ఆయన ప్రతిదినం టెలివిజనులో కనిపించి ఏ దారులు తెరచినదీ, ఏవి మూసి ఉన్నదీ ప్రజలకు వివరించేవాడు.

కనెక్టికట్ గవర్నరు ఎల్లా గ్రాసో మరింత కఠినంగా రాష్ట్రంలోని రోడ్లను, వ్యాపారాలను మూడు రోజులపాటు మూయించింది. ఆమె కారు మంచులో చిక్కుకోగా మిగిలిన దూరం నడచి హార్ట్‌ఫర్డ్‌లోని అత్యవసర కేంద్రానికి చేరి, అక్కడి నుండే పర్యవేక్షణ సాగించింది. రోడ్ ఐలండ్‌లో గవర్నరు జోసెఫ్ గారహీ కూడా ఇటువంటి చర్యలే తీసుకున్నాడు. ప్రావిడెన్స్ నగర నడిబొడ్డు వదిలివేసిన కార్లు, బస్సులతో నిండిపోయి, వందలాది మంది కార్యాలయాలలో, దుకాణాలలో రాత్రులు గడిపారు.

సహాయం, మంచు తొలగింపు

మూడు రాష్ట్రాలలోనూ నేషనల్ గార్డు దళాలను పిలిపించారు. స్థానిక యంత్రాలు చాలకపోవడంతో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ కేంద్ర సహాయాన్ని మంజూరు చేశాడు. విమానాశ్రయాలలో ముందుగా రన్‌వేలను శుభ్రం చేసి, సైనిక రవాణా విమానాలలో సైనికులను, భారీ యంత్రాలను దించారు.

ఇటువంటి తుఫాను తరువాత పని ఒక వరుసలో జరుగుతుంది. ఆసుపత్రులకు, అగ్నిమాపక కేంద్రాలకు, విద్యుత్ ఉపకేంద్రాలకు పోయే ప్రధాన మార్గాలు మొదట, బస్సు మార్గాలు తరువాత, వీధులు, సందులు చివర. ఒకటి రెండు అడుగుల మంచును బండి ముందున్న పలకతో పక్కకు తోయవచ్చు. దానికి మించితే తోయడానికి చోటు ఉండదు. అప్పుడు లోడర్లతో ఎత్తి, లారీలలో నింపి, వేరొకచోట పోయవలసి ఉంటుంది. బోస్టన్‌లో ఆనాడు మంచును నౌకాశ్రయ జలాలలో కూడా పోశారు. రోడ్డు మంచులో ఉప్పు, నూనె, చెత్త కలిసి ఉంటాయి గనుక, నీటివనరులలో పోయడాన్ని తరువాతి కాలంలో నియంత్రించి, ఖాళీ మైదానాలలో గుట్టలు పోసే పద్ధతికి ప్రాధాన్యమిచ్చారు.

ఉప్పు మంచును కరిగించగలదు గాని దానికి పరిమితి ఉంది. ఉష్ణోగ్రత సుమారు -9 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పోతే మామూలు ఉప్పు పని బాగా మందగిస్తుంది. కనుక పగటిపూట తొలగించకుండా మిగిలిన పలుచని పొర రాత్రికి గాజువంటి గడ్డగా మారి, మరునాటికి మరింత ప్రమాదకరమవుతుంది.

ప్రజల జీవితం

వాహనాలు లేని ఆ వారంలో ప్రజలు నడిచి, స్కీలపై, పిల్లల జారుడు బండ్లపై సరుకులు తెచ్చుకున్నారు. పాలు, రొట్టెలు ముందుగా అయిపోయాయి. బోస్టన్ గార్డెన్‌లో ఫిబ్రవరి 6 రాత్రి కళాశాలల ఐస్ హాకీ పోటీలు చూడడానికి వచ్చిన వందలాది మంది ఆ రాత్రి ఆడిటోరియంలోనే నిద్రించారు. కొందరికి అక్కడ కొన్ని రోజులు గడిచాయి. ఇరుగుపొరుగువారు కలిసి వీధులు తవ్వుకోవడం, వృద్ధుల ఇళ్ళకు ఆహారం, మందులు చేర్చడం పలువురి జ్ఞాపకాలలో నిలిచాయి. మరొకవైపు బోస్టన్, ప్రావిడెన్స్ నగరాలలో కొన్ని దుకాణాల లూటీలు కూడా జరిగాయి.

తీరప్రాంతం

తీరంలో ఆపద మంచు వలన కాక సముద్రం వలన కలిగింది. ఫిబ్రవరి 7 అమావాస్య కావడంతో పోటు సహజంగానే ఎక్కువగా ఉన్నది. దానికి గాలి తోసిన నీరు తోడై ఉప్పెనగా మారింది. అంతకు సుమారు రెండున్నర నెలల క్రితం, 1977 నవంబరు 19న, దివిసీమను ముంచిన ఉప్పెనకు కారణమైన తుఫాను ఉష్ణమండలానిది, ఇది సమశీతోష్ణ మండలానిది. అయినా గాలి సముద్రాన్ని నేలపైకి తోయడం రెండింటికీ సమానమే. తుఫాను నిలిచిపోయినందున వరుసగా అనేక పోట్ల సమయంలో అలలు తీరాన్ని కొట్టాయి. రెవీర్, హల్, సిచుయేట్, మార్ష్‌ఫీల్డ్ పట్టణాలలో ఇళ్ళు కూలిపోయాయి. గడ్డకట్టే చలిలో నీట మునిగిన ఇళ్ళ నుండి ప్రజలను పడవలలో తరలించవలసి వచ్చింది. రచయిత హెన్రీ బెస్టన్ నివసించిన కేప్ కాడ్ కుటీరం ఈ తుఫానులోనే కొట్టుకుపోయింది.

సేలం సమీపంలో ఆపదలో ఉన్న 'గ్లోబల్ హోప్' అనే చమురు ఓడకు, దానికోసం వెళ్ళిన తీర రక్షక దళ పడవకు సాయపడేందుకు బయలుదేరిన 'కాన్ డూ' అనే పైలట్ పడవ మునిగి, కెప్టెన్ ఫ్రాంక్ క్వర్క్‌తో సహా అందులోని అయిదుగురూ మరణించారు. ఓడలోని సిబ్బంది మాత్రం బ్రతికారు.

తుఫాను తరువాతి ప్రమాదాలు

భారీ హిమపాతంలో మరణాలు అనేకం మంచు ఆగిన తరువాతనే జరుగుతాయి. వీటిలో ముఖ్యమైనవి:

* కార్బన్ మోనాక్సైడ్: ఈ వాయువుకు రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా బంధం ఏర్పరుస్తుంది. కారును నడిపించే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీయాలి. ఇంటి తాపన యంత్రం గొట్టాలు గోడ బయట మంచులో పూడుకుపోకుండా చూడాలి. జనరేటరును, బొగ్గుల కుంపటిని ఇంటిలోపల వాడరాదు.
* గుండెపోటు: చలికి రక్తనాళాలు సంకోచిస్తాయి. అలవాటు లేని శ్రమతో రక్తపోటు హఠాత్తుగా పెరుగుతుంది. కనుక పారతో మంచు తవ్వడం హృద్రోగులకు ప్రాణాంతకం కావచ్చు. మంచును ఎత్తడంకంటే తోయడం, కొద్దికొద్దిగా విరామాలతో పనిచేయడం మేలు.
* పైకప్పు భారం: కొత్త మంచు బరువు అదే పరిమాణం గల నీటిలో సుమారు పదవ వంతు ఉంటుంది. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల చదునైన కప్పుపై 69 సెం.మీ. మంచు అంటే దాదాపు 7 టన్నులు. గాలికి గట్టిపడినా, పైన వాన కురిసినా ఈ భారం ఇంకా పెరుగుతుంది.
* అగ్నిప్రమాదాలు: వీధులలోని అగ్నిమాపక కుళాయిలు మంచులో పూడుకుపోతే సిబ్బందికి నీరు దొరకడం ఆలస్యమవుతుంది. తమ ఇంటి దగ్గరి కుళాయి చుట్టూ మంచు తీయవలసిందిగా అధికారులు ప్రజలను కోరుతుంటారు.

పరిణామాలు

మంచు తొలగింపు రాజకీయంగా కూడా ముఖ్యమైన విషయం. కనెక్టికట్‌లో గ్రాసో, రోడ్ ఐలండ్‌లో గారహీ అదే సంవత్సరం నవంబరులో తిరిగి ఎన్నికయ్యారు. మసాచుసెట్స్‌లో డుకాకిస్ ఇతర కారణాలవలన తన పార్టీ అభ్యర్థిత్వాన్నే ఎడ్వర్డ్ కింగ్ చేతిలో కోల్పోయాడు. తిరిగి 1982లో గెలిచి, 1988లో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. మరుసటి సంవత్సరం, 1979లో, షికాగో నగరంలో మంచును సకాలంలో తొలగించలేదన్న ఆగ్రహం మేయరు మైఖేల్ బిలాండిక్ ఓటమికి ముఖ్య కారణమైంది.

1978లో తుఫాను వచ్చిన తరువాత విధించిన నిషేధాన్ని, 2013లో మసాచుసెట్స్ గవర్నరు డెవాల్ పాట్రిక్ మంచు తీవ్రం కాకముందే విధించాడు. ఫిబ్రవరి 8 సాయంత్రం నాలుగు గంటల నుండి రాష్ట్రమంతటా వాహనాలు ఆగిపోయాయి. 2015 జనవరి తుఫానులో గవర్నరు చార్లీ బేకర్ కూడా ఇదే పద్ధతి అనుసరించాడు. ఖాళీ రోడ్డుపై మంచు తోసే బండ్లు ఆగకుండా తిరగగలవు. 128వ రహదారి అనుభవం నేర్పినది ఇదే.

2010లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం, సహజంగా పేరుకున్న మంచుపై ఎవరైనా జారిపడితే స్థల యజమాని బాధ్యుడు కాడన్న పాత సూత్రాన్ని రద్దుచేసింది. దీనితో తమ ఆవరణలలో మంచు తొలగించడం యజమానుల బాధ్యత అయినది.

హిమపాతం పరిమాణంలో బోస్టన్ రికార్డును 2003 ఫిబ్రవరి తుఫాను, పోటు ఎత్తులో 1978 నాటి రికార్డును 2018 జనవరి 4 నాటి తుఫాను స్వల్ప తేడాతో దాటాయి. 2014-15 చలికాలంలో బోస్టన్‌లో మొత్తం 281 సెం.మీ. మంచు కురిసింది. నగరం ఒకచోట పోసిన మంచు గుట్ట పూర్తిగా కరిగేసరికి 2015 జూలై 14 అయినది.

ఇవి కూడా చూడండి

* హిమపాతం
* తుఫాను
* ఉప్పెన
* బోస్టన్
* కార్బన్ మోనాక్సైడ్