ఫిల్మ్‌కి ఏ డెవలపర్? పాతకాలం ఇచ్చిన రెండు జవాబులు

ఫోన్‌లో ఫొటోకి ఫిల్టర్ పెడతాం, నచ్చకపోతే తీసేస్తాం. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌తో ఆ ఛాన్స్ లేదు. రీలుని ఏ డెవలపర్‌లో కడిగితే ఆ గుణమే నెగటివ్‌లో ఉండిపోతుంది. మరి ఏది ఎంచుకోవాలి? చరిత్రలో దీనికి రెండు గట్టి జవాబులున్నాయి.

ముందు ఒక్క మాట. ఫిల్మ్ మీద వెండి లవణాల పూత ఉంటుంది. వెలుగు తగిలిన చోట ఆ లవణాన్ని నల్లటి వెండిగా మార్చేదే డెవలపర్. ఫొటోలో మనకి ఇసక చల్లినట్టు కనిపించే గ్రెయిన్ ఆ వెండి వల్లే.

మొదటి జవాబు, రోడినాల్. 1891లో జర్మనీలోని ఆగ్ఫా కంపెనీ కెమిస్ట్ మోమ్మె ఆండ్రెసెన్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. చిక్కటి ద్రవం. ఒక వంతుకి 25 వంతులో, 50 వంతులో నీళ్లు కలిపి, ఒకసారి వాడి పారబోయడమే. అప్పట్లో నెగటివ్‌లంటే చాలావరకు పెద్ద గాజు పలకలే కాబట్టి గ్రెయిన్ గురించి పెద్దగా బెంగ లేదు.

సీన్ మార్చింది సినిమా. ఫ్రేమ్ చిన్నది, తెర పెద్దది. నెగటివ్‌కి కాపీ తీస్తే గ్రెయిన్ ఇంకా పెరుగుతుంది. అందుకే 1920ల్లో కొడాక్‌లో జాన్ క్యాప్‌స్టాఫ్ డి-76 తయారుచేశాడు. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. సోడియం సల్ఫైట్ మాత్రం ఏకంగా 100 గ్రాములు! ఆ సల్ఫైటే రేణువుల అంచుల్ని కొద్దిగా కరిగించి గ్రెయిన్‌ని మెత్తబరుస్తుంది. 1925లో మార్కెట్లోకి వచ్చిన లైకా కెమెరా వాడిందీ సినిమా ఫిల్మే. దాంతో ఫొటోగ్రాఫర్లకీ డి-76 కావాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్. ఆగ్ఫాఫొటో 2005లో దివాలా తీసింది. 2012లో కొడాక్ కూడా కోర్టుకెక్కింది. కానీ ఈ రెండు డెవలపర్లూ బతికే ఉన్నాయి. ఎందుకంటే రోడినాల్ పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, డి-76 ఫార్ములా అచ్చయి అందరి చేతికీ వచ్చింది. ఇల్ఫర్డ్ ఐడి-11 కూడా దాదాపు అదే వంట. ఫోన్‌లో యాప్ మూతపడితే దాని ఫిల్టర్ కూడా దాంతోపాటే పోతుంది. ఈ వంటకాలు అలా పోలేదు.

కాబట్టి 35 ఎంఎం, 400 స్పీడ్ ఫిల్మ్‌తో మొదలుపెడుతుంటే డి-76 పట్టుకోండి. గ్రెయిన్ పదునుగా కనబడాలంటే రోడినాల్. ఏదైనా సరే, ముందు నాలుగైదు రీళ్లు ఒక్కదాంట్లోనే కడగండి. దాని గుణం తెలిశాకే రెండోది. ఉంటాను మరి!