బ్లాక్ ఫంగస్‌ నుంచి బతికారు.. మరి ఆ తర్వాత?

2021 మే.. కరోనా సెకండ్ వేవ్ ఇంకా తగ్గనేలేదు, బ్లాక్ ఫంగస్ వచ్చిపడింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట అప్పటికి తూర్పు గోదావరి జిల్లాలోనే ఉన్నాయి. పెద్దాసుపత్రి అంటే కాకినాడ జీజీహెచ్చే. ఏపీ ప్రభుత్వం ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. యాంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్లకు మాత్రం దేశమంతా కటకటే.

అసలు పేరు మ్యూకర్‌మైకోసిస్. ఒకరి నుంచి ఒకరికి అంటదు. షుగర్ అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవారికి ముప్పు ఎక్కువ. ముక్కు, సైనస్‌ల నుంచి కంటికి, మెదడుకి పాకుతుంది. పాడైన భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేయాల్సిందే. కొందరికి కన్ను, ఇంకొందరికి పైదవడ పోయాయి.

పైదవడ తీసేస్తే నోటికీ ముక్కుకీ మధ్య అడ్డు ఉండదు. గంజి తాగినా ముక్కులోంచి వచ్చేస్తుంది. మాట ఇంట్లోవాళ్లకే అర్థం కాదు. నలుగురిలో భోజనానికి కూర్చోలేక పెళ్లిళ్లకీ వెళ్లడం మానేస్తారు. దీనికి దారి ఉందని చాలామందికి తెలీదు! ఆబ్చురేటర్ అనే కట్టుడు అంగిలి పెడితే తినడం, మాట్లాడటం చాలావరకు కుదుటపడతాయి. కట్టుడు పళ్లు చేసే డాక్టర్లే దీన్నీ చేస్తారు. అమలాపురంలోనూ డెంటల్ కాలేజీ ఉంది, అడిగి చూడొచ్చు.

పుండు మానిందని షుగర్ మందులు ఆపేయొద్దు. ముక్కులోంచి నల్లటి స్రావం, ఒకవైపే ముఖం వాపు, కంటినొప్పి, పళ్లు కదలడం కనిపిస్తే ఆ రోజే ఈఎన్టీ డాక్టర్‌ను కలవండి.