సైనికునికి మద్దతు అంటే ఏమిటి? – వియత్నాం యుద్ధ చరిత్ర నుంచి

1971 డిసెంబరులో నేను బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం సాగుతున్న ఆ రెండు వారాలూ మా కాలేజీ కుర్రవాళ్లం జట్లు జట్లుగా రేకు డబ్బాలు పట్టుకుని జవాన్ల సహాయనిధికి చందాలు పోగు చేశాం. గోదావరి డెల్టాలో ఒక చిన్న వూరు. ఆ వూళ్లో ఒక ఇంటి అబ్బాయి తూర్పు సరిహద్దులో వున్నాడని తెలిసి, ఆ ఇంటి ముందు మరికాస్త గట్టిగా నినాదాలిచ్చాం. అతని తల్లి బయటికి వచ్చి డబ్బాలో అర్ధరూపాయి వేసింది. వేసి, "అది సరే బాబూ, ముందు ఈ వుత్తరం కాస్త చదివి పెట్టండి. చదివే అబ్బాయి వూళ్లో లేడు" అన్నది.

చదివాం. అందులో దేశం గురించి గాని శత్రువు గురించి గాని ఒక్క మాట లేదు. పంపిన మనియార్డరు అందిందా? తాకట్టు తీరాక పొలం కాగితం షావుకారు తిరిగి యిచ్చాడా? చెల్లెలికి జ్వరం తగ్గిందా? ఇవే ప్రశ్నలు. మాలో ఒకడు అరుగుమీద కూర్చుని జవాబు రాశాడు. తక్కిన వాళ్లం డబ్బా గలగలలాడించుకుంటూ పక్కింటికి పోయాం. పోయినవాళ్లలో నేనొకణ్ణి.

ఆ ఏడాదే, కొద్ది నెలల ముందు, మా హాస్టలు గోడమీద వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా పోస్టరు వేసిందీ నేనే. అమెరికన్ సైనికుడికి కోరలు పెట్టాను, గోళ్లు పెట్టాను. ఒక దేశపు జవాను నాకు దేవుడు, మరొక దేశపు జవాను రాక్షసుడు. ఇద్దరూ మనుషులు కారన్నమాట! ఆ తర్వాత ముప్పై యేళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను. చెప్పేటప్పుడు తెలుసుకున్నది ఏమిటంటే, నేను ఆ కోరలు గీస్తున్న రోజుల్లోనే అమెరికన్ సైన్యంలో వేలాదిమంది యుద్ధానికి ఎదురు తిరుగుతున్నారు. వాళ్లకు నిజంగా మద్దతు యిచ్చింది ఎవరు? ఏ రూపంలో యిచ్చారు? ఈ వ్యాసానికి అదే ప్రశ్న.

"మన కుర్రవాళ్లను బలపరచండి" అనే మాట వినడానికి ఎంత నిర్దోషంగా వుంటుంది! కాదనేవాడెవడు? కాని ఆ మాట వాడుక చూడండి. 1965 మే నెలలో అధ్యక్షుడు జాన్సన్ వియత్నాం ఖర్చు కోసం కాంగ్రెసును అదనంగా 70 కోట్ల డాలర్లు అడిగాడు. ఇది మామూలు పద్దు కాదనీ, దీనికి ఓటు వేయడమంటే పోరాటం కొనసాగించడానికి ఓటు వేయడమేననీ ముందే చెప్పి అడిగాడు. అడవుల్లో వున్న కుర్రవాడికి తూటాలు పంపవద్దని ఏ సభ్యుడు ఓటు వేయగలడు? ప్రతినిధుల సభలో 408 మంది అవునన్నారు, ఏడుగురు కాదన్నారు. సెనేటులో 88 మంది అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. యుద్ధం చేయాలా వద్దా అనే చర్చ జరగకుండానే ముగిసింది. కుర్రవాణ్ణి ముందు పంపించి, తర్వాత అతణ్ణే చూపించి యుద్ధానికి అనుమతి తీసుకోవడం – పాలకవర్గానికి ఇంతకంటే సులువైన ఉపాయం మరొకటి లేదు. సైనికుణ్ణీ విధానాన్నీ ఒకే ముడి వేసేశారు. అతణ్ణి ఎందుకు పంపారని అడిగినవాడు అతనికే ద్రోహి అయ్యాడు.

1967లో ఈ ముడి వీధికెక్కింది. ఏప్రిల్ 15న న్యూయార్కులో లక్షమందికి పైగా జనం మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి ఐక్యరాజ్యసమితి దాకా యుద్ధవ్యతిరేక ప్రదర్శన చేశారు. నెల తిరక్కుండా మే 13న అదే నగరంలో వియత్నాంలోని మనవాళ్లను బలపరచాలంటూ పోటీ ఊరేగింపు జరిగింది. చూసేవాళ్లకు ఇటు యుద్ధవ్యతిరేకులు, అటు సైనికుల మిత్రులు అనిపించాలి. అయితే ఏప్రిల్ ప్రదర్శనలోనే వియత్నాం నుంచి తిరిగివచ్చిన కొద్దిమంది మాజీ సైనికులు తమ సొంత బేనరు పట్టుకు నడిచారు. ఆ జూన్‌లో వాళ్లే యుద్ధవ్యతిరేక వియత్నాం మాజీ సైనికుల సంఘం పెట్టుకున్నారు. ఊరేగింపు నిర్వాహకుల లెక్కలో వీళ్లు సైనికులు కారు కాబోలు.

అసలు ఆ సైనికులెవరు? ఇది వర్గదృష్టితో అడగవలసిన ప్రశ్న. కాలేజీలో చదువుతున్నవాడికి నిర్బంధ సైనికసేవ వాయిదా పడేది. 1971 దాకా ఆ సదుపాయం సాగింది. ఫీజు కట్టగలిగినవాడి కొడుకు తరగతి గదిలో, కట్టలేనివాడి కొడుకు వరిపొలాల్లో! 1966లో రక్షణమంత్రి మెక్‌నమారా లక్షమంది పథకం ఒకటి తెచ్చాడు. అంతకుముందు పరీక్షల్లో తప్పి సైన్యానికి పనికిరారని తోసేసిన యువకులను, ముఖ్యంగా పేదలను, నీగ్రో జాతివారిని – ఆనాటి మాట అది, ఇప్పుడు నల్లజాతివారంటున్నాం – దండులో చేర్చుకోవడమే ఆ పథకం. బీదరికం నుంచి ఉద్ధరించడం అని పేరు పెట్టారు. అయిదేళ్లలో సుమారు మూడున్నర లక్షలమందిని అలా ఉద్ధరించారు. యుద్ధవ్యతిరేక విద్యార్థులు కూడా ఈ లెక్కలో నిర్దోషులు కారు. వాయిదా కాగితం జేబులో పెట్టుకుని, వాయిదా దొరకనివాణ్ణి హంతకుడని పిలవడం వాళ్లలో కొందరు చేసిన పనే. మనవాళ్లం కూడా హాస్టలు గోడమీద చేశాం గదా.

ఈ తప్పు తెలుసుకుని దిద్దుకున్నవాళ్ల కథే నాకు ముఖ్యం. 1966 జూన్ 30న టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్‌కు చెందిన ముగ్గురు సిపాయిలు – జేమ్స్ జాన్సన్, డెన్నిస్ మోరా, డేవిడ్ సామస్ – వియత్నాం వెళ్లబోమని పత్రికలవారి ముందు ప్రకటించారు. ఒకడు నల్లజాతివాడు, ఒకడు ప్యూర్టోరికో సంతతివాడు, ఒకడు ఇటలీ, లిథుయేనియా సంతతివాడు. ముగ్గురూ జైలుకు పోయారు. దక్షిణ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో హోవర్డ్ లెవీ అనే చర్మవైద్యుడు, కెప్టెన్ హోదాలో వున్నవాడు, ప్రత్యేక దళాలవారికి వైద్యం నేర్పనన్నాడు. వైద్యాన్ని యుద్ధతంత్రంగా వాడుకుంటున్నారని అతని వాదం. మూడేళ్లు కఠినశిక్ష వేశారు.

అదే ఫోర్ట్ జాక్సన్ పక్కన, కొలంబియా పట్నంలో, ఫ్రెడ్ గార్డ్‌నర్ అనే యువకుడూ అతని మిత్రులూ 1968 మొదట్లో ఒక కాఫీ హోటలు నడపసాగారు. ఆ ఆలోచన ఎంత తేలికైనదో చూడండి. సైనికశిబిరాల పక్కన వూళ్లలో వుండేవి సారాకొట్లు, వడ్డీ దుకాణాలు, వేశ్యల వీధి. జీతం రోజు సాయంత్రం సిపాయి జేబు ఖాళీ చేయడానికే ఆ వూళ్లన్నీ వున్నాయి. అలాంటి చోట కూర్చోవడానికి కుర్చీ, తాగడానికి కాఫీ, చదవడానికి పత్రికలు, వినడానికి పాటలు, మాట్లాడుకోవడానికి మనుషులు – ఇంతే. ఎవరూ వేదికెక్కి ఉపన్యాసం దంచనక్కరలేదు. అధికారి వినకుండా ఇద్దరు సిపాయిలు మాట్లాడుకోగలిగితే చాలు, తక్కినది వాళ్లే చూసుకుంటారు. చూసుకున్నారు కూడా. 1968 వేసవిలో ఫోర్ట్ హుడ్ పక్కన కిలీన్ పట్నంలో ఓలియో స్ట్రట్ అనే మరో కాఫీ హోటలు వెలిసింది. హెలికాప్టరు నేలమీద దిగేటప్పుడు కుదుపును తట్టుకునే భాగానికి ఆ పేరు. హోటలుకు అంతకన్న తగిన పేరు నాకు తోచదు. ఆ ఆగస్టులో, షికాగో నగరంలో డెమోక్రాటిక్ పార్టీ మహాసభ దగ్గర జనాన్ని అణచడానికి పంపుతారని తెలిసి, ఫోర్ట్ హుడ్‌లోని నల్లజాతి సిపాయిలు రాత్రంతా మైదానంలో కూర్చుని చర్చించుకున్నారు. మా జనం మీదికి మేం పోమన్నారు. తెల్లవారి 43 మందిని నిర్బంధించారు.

ఈ హోటళ్ల చుట్టూ సిపాయిలే రాసి, అచ్చువేసి, పంచుకునే చిన్న పత్రికలు పుట్టాయి. 1972 నాటికి అవి దాదాపు 300. 'వియత్నాం జి.ఐ.' అనేదాన్ని జెఫ్ షార్లెట్ అనే మాజీ సైనికుడు షికాగోలో మొదలుపెట్టి యుద్ధరంగానికే టపాలో పంపేవాడు. 27 యేళ్లకే క్యాన్సరుతో చనిపోయాడు. సాహిత్యసంఘం పత్రికలో రాస్తున్నాను గనుక రచయితల మాట ఒకటి చెప్పాలి. జపాన్‌లో నవలాకారుడు ఓదా మకోతో ముందుండి నడిపిన శాంతిసంఘం బెహైరెన్. 1967 అక్టోబరులో ఇంట్రెపిడ్ అనే విమానవాహక నౌక నుంచి నలుగురు అమెరికన్ నావికులు యొకొసుకాలో దిగి తిరిగి ఓడ ఎక్కలేదు. బెహైరెన్‌వారు వాళ్లను దాచి, సోవియట్ యూనియన్ మీదుగా స్వీడన్ చేర్చారు. తీర్మానం చేసి పంపేసి వూరుకోలేదు.

కొలంబియాలోని హోటలును 1970లో కోర్టు మూయించింది. ప్రజలకు ఉపద్రవం అన్నారు. పక్కన సారాకొట్లు మాత్రం యథావిధిగా నడిచాయి.

ఇక మైలై సంగతి. 1968 మార్చి 16న ఆ గ్రామంలో అమెరికన్ దళం ముసలివాళ్లనూ ఆడవాళ్లనూ పసిబిడ్డలనూ చంపింది. వియత్నాం ప్రభుత్వం లెక్క ప్రకారం 504 మంది. ఆ సమయంలో ఆకాశం నుంచి చూసిన హెలికాప్టరు చోదకుడు హ్యూ థాంప్సన్ కిందికి దిగి, పారిపోతున్న గ్రామస్థులకూ తన దేశపు సైనికులకూ మధ్య నిలబడ్డాడు. గ్రామస్థులపై కాల్పులు జరిపితే తిరిగి కాల్చమని తనవాళ్లతో చెప్పాడు. కొందరిని బతికించి తీసుకుపోయాడు. రాన్ రైడెన్‌హవర్ అనే మరో సైనికుడు తోటివారి నోట ఈ ఘోరం విని, వివరాలు కూర్చి, 1969 మార్చిలో ముప్పైమంది దాకా అధికారులకూ కాంగ్రెసు సభ్యులకూ వుత్తరాలు రాశాడు. ఆ నవంబరులో సేమూర్ హెర్ష్ కథనంతో లోకానికి తెలిసింది.

ఇప్పుడు అడుగుతున్నాను: సైనికులను బలపరచమన్నవాళ్లు ఇందులో ఏ సైనికుణ్ణి బలపరిచారు? 1971 మార్చి ఆఖరున లెఫ్టినెంటు కాలీకి, కనీసం 22 మందిని చంపిన నేరం రుజువై, యావజ్జీవశిక్ష పడింది. దేశమంతా అతనికోసం గగ్గోలు పుట్టింది. అతన్ని పొగిడే పాట రికార్డు పదిలక్షలకు పైగా అమ్ముడైంది. తర్వాత అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ అప్పుడు జార్జియా గవర్నరు. పగలు కారు దీపాలు వెలిగించుకుని తిరిగి సైనికుల దినం జరపమన్నాడు. నిక్సన్ కాలీని జైలు నుంచి ఇంటి నిర్బంధానికి మార్పించాడు. మూడున్నర యేళ్లలో శిక్ష ముగిసింది. థాంప్సన్‌కు వచ్చింది బెదిరింపులు, తిట్లు. శిక్ష పడవలసినవాడు అతనేనని కాంగ్రెసు సైనికసంఘాధ్యక్షుడు మెండెల్ రివర్స్ అన్నాడు. అతనికి న్యాయమైన పతకం దక్కడానికి 1998 దాకా, అంటే ముప్పై యేళ్లు, పట్టింది. ఆ నినాదానికి మనిషితో పని లేదు, తుపాకీ ఏ దిక్కుకు తిరిగి వుందో దానితోనే పని.

1971 ఏప్రిల్ 23న వందలాది మాజీ సైనికులు వాషింగ్టన్‌లో కాంగ్రెసు భవనం ముందు తమ పతకాలను కంచెకు అవతల విసిరివేశారు. అంతకుముందు జనవరి చివర డెట్రాయిట్‌లో నూరుమందికి పైగా తాము చూసినవీ చేసినవీ బహిరంగంగా చెప్పుకున్నారు. ఆ ఏడాది అమెరికన్ పదాతిసైన్యంలో వెయ్యికి 73 మంది చొప్పున పారిపోయారని లెక్క.

ఈ సంఘమే 1970 చివర న్యూయార్కులో మరొక పని మొదలుపెట్టింది. నిద్రపట్టనివాళ్లు, చప్పుడుకు వులికిపడేవాళ్లు, భార్యమీద చెయ్యెత్తి తర్వాత ఏడ్చేవాళ్లు వారానికొకసారి కూడి మాట్లాడుకునేవారు. రాబర్ట్ లిఫ్టన్, ఖాయిమ్ షాటన్ అనే మానసిక వైద్యులు వచ్చి కూర్చునేవారు, డాక్టర్లుగా గాక సమానులుగా. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ జబ్బుకు పేరే లేదు. 1980లో అమెరికన్ వైద్యుల అధికార గ్రంథంలో దానికి పేరు చేరిందంటే ఈ కూటాల వత్తిడి అందులో పెద్ద పాలు. హానోయ్‌లోని యుద్ధఖైదీలకు ఇళ్లనుంచి వుత్తరాలు చేరవేసింది కూడా 1970 నుంచి కోరా వైస్ మొదలైన శాంతివాదులే. ఇది చదివినప్పుడు అరుగుమీద కూర్చుని జవాబు రాసిన మా మిత్రుడు జ్ఞాపకం వచ్చాడు. ఆ ఇంట్లో జవాను పని చేసింది వాడొక్కడే.

యుద్ధం ముగిశాక ఒక కథ పుట్టింది. తిరిగివచ్చిన సైనికుల మీద శాంతివాదులు విమానాశ్రయాల్లో ఉమ్మివేశారట! స్వయంగా వియత్నాంలో పనిచేసిన సమాజశాస్త్రజ్ఞుడు జెర్రీ లెంబ్కీ ఆ కథ ఆనవాళ్లు వెదికి 1998లో ఒక పుస్తకం రాశాడు. యుద్ధకాలపు పత్రికల్లోగాని రికార్డుల్లోగాని అతనికి ఆధారం దొరకలేదు. ఎక్కడా ఎవడూ అమర్యాదగా ప్రవర్తించలేదని నేననను. కాని 1971లో హారిస్ సంస్థ అడిగినప్పుడు, తమ యీడువాళ్లు తమను స్నేహంగానే ఆదరించారని నూటికి 94 మంది మాజీ సైనికులు చెప్పారు. ఓడిన పాలకులకు నింద మోసేవాడొకడు కావాలి. పతకాలు విసిరిన సైనికుడు జనం జ్ఞాపకంలోంచి మాయమయ్యాడు. ఉమ్మి తుడుచుకునే సైనికుడు నిలిచాడు. తర్వాతి యుద్ధాలన్నింటికీ ఈ కథే పెట్టుబడి.

ఒక అభ్యంతరం మన పక్షం నుంచే వస్తుంది, అది న్యాయమైనది. అమెరికన్ సైనికుడి బాధ ఇంతగా చెప్పుకుంటే, వియత్నాం రైతు ఎక్కడ? వాషింగ్టన్ స్మారక గోడ మీద 58 వేలకు పైగా పేర్లున్నాయి. 1995లో వియత్నాం ప్రకటించిన లెక్కలో 20 లక్షలమంది సామాన్య ప్రజలు, 11 లక్షలమంది యోధులు చనిపోయారు. హాలీవుడ్ సినిమాల్లో ఈ 31 లక్షలు అడవి చెట్లలాగా వెనక నిలబడి వుంటారు. సైనికుడి మీద జాలి ఇక్కడికి చేరితే అది మళ్లీ ఆ పాత ఊరేగింపే.

ఒకే విషం ఇద్దరి మీదా పడిన సంగతి దీనికి దృష్టాంతం. 1962 నుంచి 1971 వరకు అమెరికన్ విమానాలు దక్షిణ వియత్నాం అడవుల మీద, పైర్ల మీద ఏడుకోట్ల లీటర్లకు పైగా ఆకురాల్చే మందులు చల్లాయి. ఆ మందు పీపాలు ఎత్తిన సైనికులకు, తడిసిన అడవిలో నడిచిన సైనికులకు, తర్వాత క్యాన్సర్లు వచ్చాయి. సైనికులను బలపరచిన ప్రభుత్వం ఆ మందుకూ ఆ జబ్బుకూ సంబంధం లేదంటూ యేళ్లు గడిపింది. మాజీ సైనికులు కంపెనీల మీద కోర్టుకెక్కితే 1984లో 18 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 1991లో గాని పింఛను చట్టం రాలేదు. వియత్నాం బాధితులు అదే కంపెనీల మీద అమెరికాలోనే దావా వేశారు. విచారించింది 1984 రాజీ నడిపించిన న్యాయమూర్తి వైన్‌స్టీనే. 2005 మార్చిలో ఆయన ఆ దావాను కొట్టివేశాడు.