హ్యూమ్ అన్నా మర్రే అన్నా ఒకే నీరు

మేముండే వొడొంగా ఊరు మర్రే నదికి దక్షిణపు గట్టున ఉంది. ఇటు విక్టోరియా రాష్ట్రం, వంతెన దాటితే న్యూ సౌత్ వేల్స్‌లోని ఆల్బరీ. వచ్చిన కొత్తలో గాలం కొనుక్కుని ఒడ్డుకి వెళ్తే, అక్కడ చేపలు పడుతున్న పెద్దాయన "నీ లైసెన్సు ఏ రాష్ట్రానిది?" అని అడిగాడు. సరిహద్దు నది మధ్యలో లేదట, మా గట్టు పైఅంచున ఉందట. నీరంతా అవతలి రాష్ట్రానిదే కాబట్టి మా ఒడ్డున నిలబడి గాలం వేసినా లైసెన్సు అటుదే కావాలి. ఆ రోజు నుంచి ఈ నది కథ మీద నాకు ఆసక్తి పెరిగింది.

ఆస్ట్రేలియన్ ఆల్ప్స్ కొండల్లో పుట్టిన మర్రే 2,508 కిలోమీటర్లు ప్రవహించి, దక్షిణ ఆస్ట్రేలియాలో గూల్వా దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన గోదావరి 1,465 కిలోమీటర్లు.

1824 నవంబరులో హామిల్టన్ హ్యూమ్, విలియం హోవెల్ అనే అన్వేషకులు ఉత్తరం నుంచి కొండలూ అడవులూ దాటుకుంటూ ఇప్పటి ఆల్బరీ దగ్గర ఈ నదిని చేరారు. హ్యూమ్ తన తండ్రి పేరిట దీన్ని హ్యూమ్ నది అన్నాడు. హోవెల్ తన పేరు చెక్కిన చెట్టు ఇప్పటికీ ఆ ఒడ్డునే ఉంది. మన ఊళ్లలో జామాయిల్ అంటామే, ఆ కుటుంబంలోదే. కింద రాలిన ఆకు నలిపి వాసన చూస్తే మా ఊరి చెరువుగట్టు గుర్తొచ్చింది.

1830 జనవరిలో చార్లెస్ స్టర్ట్ అనే మరో అన్వేషకుడు మరంబిడ్జీ నదిలో పడవ మీద వస్తూ దిగువన ఇదే నదిలోకి ప్రవేశించాడు. బ్రిటిష్ వలసల మంత్రి సర్ జార్జ్ మర్రే పేరు దీనికి పెట్టాడు. హ్యూమ్ నదీ మర్రే నదీ ఒకటేనని 1838లో, పశువులను తోలుకుంటూ ఎగువ నుంచి నది వెంట వెళ్లి, స్టర్టే రుజువు చేశాడు. నదికి మర్రే పేరే నిలిచింది. హ్యూమ్ పేరు మా ఎగువనున్న ఆనకట్టకీ, సిడ్నీ–మెల్‌బోర్న్ రహదారికీ దక్కింది.

అంతకు వేల ఏళ్ల ముందు నుంచే ఈ ఒడ్డున బతుకుతున్నవాళ్లకు నది పేరు కొత్తగా పెట్టాల్సిన అవసరం లేదు. యోర్టా యోర్టా వాళ్లు దీన్ని ధుంగాలా అంటారు. సముద్రం దగ్గరి నారింజెరి వాళ్లకు ఇది ముర్రుండి. న్గురుందెరి అనే పూర్వీకుడు పడవలో తరుముతుంటే పెద్ద కాడ్ చేప తోక కొట్టుకుంటూ పారిపోయిందనీ, ఆ దెబ్బలకే నదికి ఇన్ని వంపులొచ్చాయనీ వాళ్ల కథ. పటంలో ఈ మెలికలు చూసినవాళ్లెవరికైనా ఆ తోక కనిపిస్తుంది.

ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అని పాయకో పేరున్నా అన్నీ గోదారేనని మనకు తెలుసు. అలాగే ఇక్కడా ఏ పేరూ అబద్ధం కాదు. కానీ పటంలో ఉన్న పేరు నదిని వచ్చి చూసి వెళ్లినవాళ్లు పెట్టింది, ఒడ్డున ఉన్న పేర్లు దాని నీళ్లు తాగి బతికినవాళ్లవి. ఈ సెలవుల్లో పిల్లలతో గూల్వా దాకా వెళ్తున్నాం. దారిలో యోర్టా యోర్టా వాళ్ల ఎచూకాలో ధుంగాలా అని, చివర్న ముర్రుండి అని పిలవమని వాళ్లకు ఇప్పటి నుంచే నేర్పుతున్నాను.