ముందు ఎవరిని చూడాలి?

ఆమధ్య చెయ్యి విరగ్గొట్టుకుని ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాను. నొప్పికి ఓర్చుకోలేక గోల చేస్తున్నాను. నా తర్వాత వచ్చిన పెద్దాయన చెమటలు కక్కుతూ మాట్లాడకుండా కూర్చున్నారు. నర్సు గారు ఆయన నాడి చూసి, నన్ను దాటేసి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, ఆయనకొచ్చింది గుండెపోటని.

మనం బగ్ ట్రియాజ్ మీటింగులని గంటలు గంటలు కూర్చుంటాం కదా, ఆ మాట ఇక్కడిదే. ఫ్రెంచిలో 'త్రియే' అంటే ఏరి వేరుచెయ్యడం.

అప్పట్లో గాయపడ్డ సైనికులు యుద్ధం ఆగేదాకా పడినచోటే పడుండేవాళ్ళు. మోసుకెళ్ళేటప్పుడు కూడా ఆఫీసర్లదే ముందు వంతు. డొమినిక్ జాన్ లారే అనే ఫ్రెంచి సర్జను 1792లో గుర్రబ్బళ్ళతో 'ఎగిరే అంబులెన్సు'లు మొదలుపెట్టాడు. తర్వాత నెపోలియన్ సైన్యంలో ఆయన పెట్టుకున్న రూలు ఒక్కటే: ఎవరి గాయం ప్రమాదకరమో వాళ్ళు ముందు. హోదా చూడొద్దు, శత్రువా మనవాడా అనీ చూడొద్దు.

1846లో జాన్ విల్సన్ అనే బ్రిటిష్ నౌకాదళ సర్జను ఇంకో కష్టమైన ప్రశ్న కలిపాడు. వైద్యం చేస్తే బతికే అవకాశం ఎవరికుంది? చిన్న గాయాలవాళ్ళూ ఆగాలి, ఎలాగూ దక్కనివాళ్ళూ ఆగాలి అన్నాడు. చదవడానికే గుండె బరువెక్కుతుంది. కానీ చేతులు రెండే ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఈ లెక్క వెయ్యాలి.

1960ల్లో అమెరికా ఎమర్జెన్సీల్లో జనం పెరిగిపోయాక ఈ పని నర్సుల చేతికొచ్చింది. 1990ల్లో మాంచెస్టర్‌లో దీనికి అయిదు రంగులు పెట్టారు. ఎరుపైతే తక్షణం, నారింజకి 10 నిమిషాలు, పసుపుకి 60, ఆకుపచ్చకి 120, నీలానికి 240. ముందు చూసేది శ్వాస ఆడుతోందా, రక్తప్రసరణ బాగుందా, స్పృహ ఉందా అని. ఎవరు గట్టిగా అరుస్తున్నారన్నది కాదు. అసలు అరవగలుగుతున్నాడంటే ఊపిరాడుతున్నట్టే కదా! పైగా ఒకసారి రంగు వేసేస్తే అయిపోదు. ఆగమన్నవాళ్ళని మళ్ళీ మళ్ళీ చూస్తూండాలి, పసుపు ఎరుపయ్యే లోపు పట్టుకోవాలి.

మన ఆఫీసుల్లో పెద్దమేనేజరు ఒక్క మెయిలు కొడితే పీ3 టికెట్టు కాస్తా పీ1 అయి కూర్చుంటుంది. రెండొందల ఏళ్ళ క్రితం లారే వద్దన్నది సరిగ్గా దీన్నే. ఆ రోజు నన్ను ఆగమన్న నర్సు గారికి థాంక్స్ చెప్పలేదు, పైగా విసుక్కున్నాను. అదే ఇప్పటికీ బాధ.